పెదనాన్న గ్యాస్‌కి ఏ డాక్టరు?

మా పెదనాన్న రెండేళ్లపాటు తనకున్నది గ్యాస్ అనే చెప్పాడు. ఆయన చెబుతున్నాడు కాబట్టి మేమూ అదే అనుకున్నాం. ఊళ్లో డాక్టరుగారు పరగడుపున వేసుకునే గ్యాస్ బిళ్ల రాశారు. తగ్గకపోతే బిళ్ల మార్చారు, సిరప్ కలిపారు. ఒకసారి టౌనులో ఎండోస్కోపీ చేయిస్తే ‘కొద్దిగా పూత ఉంది, కంగారేం లేదు’ అన్నారు. కంగారేం లేకపోతే మనిషి ఎనిమిది కిలోలు ఎలా తగ్గిపోయాడని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

గ్యాస్ అనే మాట మన ఇళ్లలో మోసినంత బరువు ఇంకే మాటా మొయ్యదు. తేన్పులొస్తే గ్యాస్, గుండెల్లో మండితే గ్యాస్, పొట్ట ఉబ్బితే గ్యాస్, వీపు పట్టేసినా గ్యాసే. గుండెపోటు వస్తుంటే కూడా గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నవాళ్లున్నారు. నోటి నుంచి మలద్వారం దాకా సాగే పొడవాటి గొట్టం, దానికి ఆనుకుని కాలేయం, పిత్తాశయం, క్లోమం. వీటిలో ఎక్కడ ఏం చెడినా మనం చెప్పేది ఆ ఒక్క మాటే. వినే డాక్టరుకి తీరిక లేకపోతే రాసేదీ ఆ ఒక్క బిళ్లే.

చివరికి ఆయన్ని హైదరాబాద్‌లో ఒక పెద్ద గ్యాస్ట్రో ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఒకే అంతస్తులో వరసగా బోర్డులు: లివర్ క్లినిక్, ప్యాంక్రియాస్ క్లినిక్, ఐబీడీ క్లినిక్, మోటిలిటీ ల్యాబ్, సర్జికల్ గ్యాస్ట్రో. పెదనాన్న వాటిని చదువుకుంటూ నడిచి, “ఉన్నది ఒక్కటే పొట్ట కదరా, ఇంతమంది డాక్టర్లెందుకు?” అన్నాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

లోపల డాక్టరమ్మ మా ఫైలు పక్కన పెట్టి, “చెప్పండి పెద్దాయనా” అన్నారు.

“గ్యాసమ్మా.”

“ఆ మాట వాడకుండా చెప్పండి చూద్దాం.”

పెదనాన్నకి కాసేపు మాట తోచలేదు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. ముద్ద దిగదు. రొమ్ము ఎముక వెనకాల ఆగిపోతుంది. లేచి నిలబడి, వెన్ను నిటారుగా పెట్టి, చేతులు పైకెత్తి గ్లాసుడు నీళ్లు తాగితే అప్పుడు జారుతుంది. రాత్రి పడుకుంటే మధ్యాహ్నం తిన్న మెతుకులు నోట్లోకి వస్తాయి. పొద్దున చూస్తే దిండు తడి. పెళ్లి భోజనాలకి వెళ్లడం మానేశాడని మాకు తెలుసు గానీ, పంక్తిలోంచి లేచి నిలబడాల్సి వస్తుందని మానేశాడని ఆ గదిలోనే తెలిసింది.

ఆమె ఒకే ఒక్క ప్రశ్న వేశారు. “మొదట్లో అన్నం ముద్దే ఆగేదా, నీళ్లు కూడానా?”

“మొదట్నుంచీ రెండూనమ్మా.”

ఆ జవాబులోనే సగం రోగం దొరికింది. ఆహారనాళంలో గడ్డ లాంటిది పెరుగుతుంటే దారి కొద్దికొద్దిగా ఇరుకవుతుంది. కాబట్టి ముందు గట్టి పదార్థాలు ఆగుతాయి, నెలలు గడిచాక జావ, ఆ తర్వాత నీళ్లు. అలా కాకుండా మొదటి నుంచీ అన్నమూ నీళ్లూ రెండూ ఆగుతుంటే చెడింది దారి కాదు, దాన్ని నడిపించే కండరాలు, నరాలు. ఈ రెండో రకాన్ని చూసేవాళ్లే మోటిలిటీ నిపుణులు, అంటే గొట్టం కదలికల డాక్టర్లు. పేగులూ ఆహారనాళమూ ఊరికే పడి ఉండే పైపులు కావు. వాటి గోడల్లోనే కోట్ల సంఖ్యలో నరకణాలున్నాయి. మెదడు నుంచి ఆజ్ఞ రాకున్నా చాలా పనులు అవి సొంతంగా చేసుకుపోతాయి. మనం తలకిందులుగా ఉండి నీళ్లు మింగినా అవి కడుపులోకే చేరేది అందుకే.

పరీక్ష నేను దగ్గరుండి చూశాను. దాన్ని మానోమెట్రీ అంటారు. సన్నటి గొట్టం ముక్కులోంచి కడుపు దాకా వెళ్తుంది. దాని పొడవునా వరసగా 36 సెన్సార్లుంటాయి. టెక్నీషియన్ సిరంజితో 5 మిల్లీలీటర్ల నీళ్లు నోట్లో పోసి “ఇప్పుడు ఒక్కసారే మింగండి బాబాయ్ గారూ” అంటాడు. అలా పదిసార్లు. ప్రతి గుటకకీ తెర మీద ఒక రంగుల బొమ్మ పడుతుంది. ఒత్తిడి తక్కువున్నచోట నీలం, పెరిగేకొద్దీ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. మామూలు మనిషి మింగితే పైనుంచి కిందికి ఏటవాలుగా ఒక ఎర్రటి చార జారుతుంది. అది కిందికి చేరేలోపే అడుగున ఉన్న కవాటం వదులై నీలంగా మారుతుంది. పెదనాన్న బొమ్మలో ఏటవాలు చార లేనే లేదు. మొత్తం నాళం ఒక్కసారిగా బిగుసుకున్నట్టు నిట్టనిలువు పట్టీ పడింది. అడుగున కవాటం మూసిన తూము పలకలా బిగిసే ఉంది. పదిసార్లు మింగినా పదిసార్లూ అదే బొమ్మ.

ఈ జబ్బు పేరు అకలేషియా. కవాటాన్ని వదులు చేసే నరకణాలు నశించిపోవడం వల్ల వస్తుంది. ఏడాదికి లక్ష మందిలో సుమారు ఒకరికి. అరుదు కాబట్టే ఊళ్లో డాక్టరుగారి మీద నాకు కోపం లేదు. తొలిదశలో ఎండోస్కోపీలో ఏమీ కనిపించకపోవచ్చు కూడా, ఎందుకంటే కెమెరా చూసేది గోడని, కదలికని కాదు. జబ్బు మాత్రం కొత్తది కాదు. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో థామస్ విల్లిస్ అనే వైద్యుడు ఇలాంటి రోగికి తిమింగలం ఎముక చివర స్పాంజి కట్టి ఇచ్చాడు. ఆ రోగి ఏళ్ల తరబడి దాంతోనే తిన్నది లోపలికి నెట్టుకుంటూ బతికాడు. 1913లో జర్మనీలో ఎర్న్‌స్ట్ హెల్లర్ అనే సర్జన్ ఆ బిగుసుకున్న కండరాన్ని కోసి దారి ఇచ్చాడు. ఇప్పటికీ సర్జన్లు చేసే ఆపరేషన్‌కి ఆయన పేరే.

ఒంటి మీద కోత లేకుండా, నోట్లోంచే వెళ్లి అదే కండరాన్ని కోసే పద్ధతి వచ్చి ఇంకా ఇరవై ఏళ్లు కాలేదు. ఆ దారి తెరుచుకోవడంలో హైదరాబాద్‌కి ఒక పాత్ర ఉంది. ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో డాక్టర్ జి.వి.రావు, డాక్టర్ డి.నాగేశ్వర్ రెడ్డి నోట్లోంచి స్కోపు, అంటే కెమెరా ఉన్న గొట్టం, పంపి, జీర్ణాశయం గోడకి రంధ్రం చేసి, అందులోంచి ఒక మనిషి అపెండిక్స్ తీసి చూపించారు. ఒకరు సర్జన్, ఒకరు ఎండోస్కోపీ నిపుణుడు. ఇద్దరి నైపుణ్యమూ కలిస్తేనే కుదిరిన పని అది. (కర్నూలు మెడికల్ కాలేజీలో చదివిన నాగేశ్వర్ రెడ్డిగారికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది.) స్కోపుతో గోడ దాటకూడదని అప్పటిదాకా అందరూ అనుకునేవారు. ఆ భయం తగ్గాక, 2007లో అమెరికాలో పంకజ్ పస్రీచా బృందం పందుల ఆహారనాళం గోడ పొరల మధ్య సొరంగం చేసి కండరం కోసింది. 2008లో జపాన్‌లో హరుహిరో ఇనోవే అదే పని మనిషికి చేశాడు. దాన్ని పోయెమ్ అంటారు. పెదనాన్నకి చేసిందీ అదే. లోపలి పొర కింద నీలిరంగు ద్రవం ఎక్కించి, పొరని పైకి లేపి, ఆ సందులోంచి సొరంగం తవ్వుకుంటూ వెళ్లి, కవాటం కండరాన్ని కోసి, వెనక్కి వస్తూ లోపలి పొరకి క్లిప్పులు పెట్టేశారు. బయట ఒంటి మీద గీత కూడా లేదు.

ఆయన ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో మిగతా బోర్డుల ముందు కూర్చున్నవాళ్లతో మాటలు కలిశాయి. పచ్చకామెర్లతో ఒక కుర్రాడు వచ్చాడు. ఊళ్లో మూడు వారాలు పసరు మందు మింగాడట. పసరు మీద మనవాళ్లకి అంత నమ్మకం ఎందుకంటే, కలుషిత నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పేరు మాత్రం పసరుకి వస్తుంది. కానీ కామెర్లన్నీ ఒకటి కావు. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, క్లోమం తలభాగంలో గడ్డ నాళాన్ని నొక్కినా కళ్లు పచ్చబడతాయి. అప్పుడు ఒళ్లంతా దురద, మూత్రం చిక్కటి టీ రంగు, మలం మాత్రం బంకమట్టిలా తెల్లగా ఉంటుంది. మలానికి రంగునిచ్చే పైత్యరసం పేగులోకి చేరదు కాబట్టి. ఆ కుర్రాడి మలం రంగు గురించి ఎవరూ మూడు వారాలు అడగలేదు. అడిగి ఉంటే నేరుగా ఈఆర్‌సీపీ చేసే డాక్టరు దగ్గరికే వచ్చేవాడు.

ఈఆర్‌సీపీ అంటే చివర్లో కాకుండా పక్కకి చూసే కెమెరా ఉన్న స్కోపుతో చిన్నపేగు మొదట్లోకి వెళ్లి, అక్కడ చిన్న మొటిమలా ఉండే పిత్తనాళం ముఖద్వారాన్ని పట్టుకోవడం. అందులోకి తీగ ఎక్కించి, ద్వారాన్ని కాస్త కోసి, రాయిని బెలూన్‌తో లాగేస్తారు. క్లోమం గొట్టం కూడా అక్కడే తెరుచుకుంటుంది. తీగ పొరపాటున అటు పోతే క్లోమం వాచిపోవచ్చు. అందుకే ఏళ్ల తరబడి చేయి తిరిగినవాళ్లే ఈ పని చేస్తారు. ఆ వాపు ముప్పున్నవాళ్లకి మలద్వారంలో ఇండోమెథసిన్ అనే నొప్పి మందు పెడితే ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతుందని 2012లో తేలింది. మామూలు నొప్పుల మందు చేసిన ఇంత పెద్ద మేలు నాకు చాలా ఇష్టమైన సంగతి.

లివర్ డాక్టరుది వేరే లోకం. కాలేయం లోపల నొప్పి తెలిసే నరాలు లేవు. సగం పాడయినా చప్పుడు చెయ్యదు. అందుకే ఆ డాక్టరు నొప్పి గురించి తక్కువా, గట్టిదనం గురించి ఎక్కువా ఆలోచిస్తాడు. ఫైబ్రోస్కాన్ యంత్రం పెన్నుని పక్కటెముకల మధ్య పెడితే అది చిటికె వేసినంత చిన్న దెబ్బ కొడుతుంది. ఆ అల ఎంత వేగంగా పోతే కాలేయం అంత గట్టిపడినట్టు. లేత ముంజలా ఉండాల్సింది కురిడీ కొబ్బరయ్యే దారిలో ఎక్కడుందో చెబుతుంది. సిర్రోసిస్, అంటే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు, ముదిరినవాళ్లని ఆ డాక్టరు ట్రాఫిక్ పోలీసు బండి ఆపినట్టు చేతులు చాచి అరచేతులు నిలబెట్టమంటాడు. చేతులు ఉండుండి రెక్కల్లా కొట్టుకుంటే, పేగుల్లో పుట్టిన అమ్మోనియా లాంటి విషాలు కాలేయం వడకట్టక మెదడు దాకా వెళ్తున్నాయని అర్థం. పగలు నిద్ర, రాత్రి మెలకువ కూడా దాని గుర్తే. దానికి లాక్టులోజ్ సిరప్ ఇచ్చి రోజుకి రెండు మూడు విరేచనాలయ్యేలా చూస్తారు. ‘మలబద్ధకం లేదు కదా, ఈ మందెందుకు’ అని ఇంట్లోవాళ్లు ఆపేయడం, నాలుగు రోజుల్లో మనిషి మతి తప్పడం ఆ వార్డులో మామూలట. మీ ఇంట్లో ఎవరికైనా ఆ సిరప్ రాసి ఉంటే దయచేసి డాక్టరుకి చెప్పకుండా ఆపకండి.

ఐబీడీ అంటే ఏళ్ల తరబడి సాగే పేగువాపు జబ్బులు. ఆ క్లినిక్‌లో మన దేశపు డాక్టర్లకి అమెరికా డాక్టర్లకి అంతగా ఉండని చిక్కు ఒకటుంది. చిన్నపేగు పెద్దపేగుని కలిసే చోట పుండ్లు పడితే అది ఆ పేగువాపుల్లో ఒకటైన క్రోన్స్ జబ్బా, పేగు క్షయా (టీబీ)? రెండూ అక్కడే వస్తాయి, చూడటానికి ఒకలాగే ఉంటాయి, ముక్క తీసి పరీక్షించినా ఒక్కోసారి తేలదు. క్షయని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే క్షయ ఒళ్లంతా పాకవచ్చు. క్రోన్స్‌ని క్షయ అనుకుని ఆరు నెలలు మందులు మింగిస్తే ఈలోగా పేగు ముడుచుకుపోవచ్చు. అందుకని తేలనప్పుడు టీబీ మందులు మొదలుపెట్టి, రెండు మూడు నెలలకి మళ్లీ కొలనోస్కోపీ చేసి, పుండ్లు మానాయో లేదో కళ్లారా చూస్తారు. ఓపిక కావాల్సిన వైద్యం ఇది.

ఇక చదువుల సంగతి. మెడికల్ గ్యాస్ట్రో డాక్టరు ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, డీఎం మూడేళ్లు చదువుతాడు. సర్జికల్ గ్యాస్ట్రో డాక్టరు ఎంఎస్ చేసి, ఆపైన ఎంసీహెచ్. బోర్డు మీద ఈ అక్షరాలు చూసుకోండి. మందులు, స్కోపులతో అయ్యే పనికి మొదటివాళ్లు, కత్తితో అయ్యే పనికి రెండోవాళ్లు. ఏది ఎవరిదో తేలని కేసుల్లో ఇద్దరూ కలిసి కూర్చుంటారు. పెదనాన్న విషయంలోనూ హెల్లర్ ఆపరేషనా, పోయెమా అని సర్జన్ కూడా వచ్చి చూశాకే నిర్ణయించారు.

డిశ్చార్జి రోజున డాక్టరమ్మ చీటీ రాస్తుంటే పెదనాన్న తొంగి చూశాడు. రెండేళ్లు మింగిన పరగడుపు బిళ్లే మళ్లీ అందులో ఉంది. “మళ్లీ గ్యాస్ బిళ్లేనా అమ్మా?” అన్నాడు నీరసంగా.

“అప్పుడు మీ తలుపు మూసుకుపోయి ఉంది పెద్దాయనా, కడుపులో పులుపు పైకి రావడం కాదు, మీరు తిన్నదే కిందికి దిగేది కాదు. ఇప్పుడు మేం తలుపు తెరిచాం. ఇప్పుడు నిజంగానే పులుపు పైకొస్తుంది. ఈ బిళ్ల ఇప్పుడు కావాలి. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టించుకోండి.”

ఊరికి వెళ్లగానే మంచం కింద రెండేసి ఇటుకలు పెట్టించాం. మెత్తటి తిండి రోజులు అయ్యాక ఒక మధ్యాహ్నం పెద్దమ్మ ముద్దపప్పు, ఆవకాయ వడ్డించింది. పెదనాన్న పీట మీద కూర్చున్నవాడు మజ్జిగ దాకా ఒక్కసారి కూడా లేవలేదు.