కొరలీటోస్ తీగచుట్ట ఏం విన్నది?

1989 అక్టోబర్ 17, సాయంత్రం 5 గంటల 4 నిమిషాలు. కాలిఫోర్నియాలోని శాంతాక్రూజ్ కొండల కింద నేల కదిలింది. తీవ్రత 6.9. లోమా ప్రియేటా భూకంపంగా పేరుపడ్డ ఆ విపత్తులో 63 మంది చనిపోయారు. భూకంప కేంద్రానికి 7 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొరలీటోస్ అనే చిన్న ఊళ్లో అప్పటికే ఒక తీగచుట్ట, అంటే అయస్కాంత మార్పులను పట్టే పరికరం, పనిచేస్తోంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంటొనీ ఫ్రేజర్-స్మిత్ దాన్ని భూకంపాల కోసం పెట్టలేదు. భూమి అయస్కాంత క్షేత్రంలో సహజంగా పుట్టే నిదానమైన ఊగిసలాటను, అంటే వంద సెకన్లకు ఒక్కసారి ఊగే అలలను కూడా, రాసిపెట్టడం దాని పని.

భూకంపం తర్వాత ఆ రికార్డు తీసి చూసినవాళ్లు ఆశ్చర్యపోయారు. అక్టోబర్ 5 ప్రాంతం నుంచే అయస్కాంత అలజడి పెరిగి ఉంది. నేల కంపించడానికి సుమారు మూడు గంటల ముందు అది మామూలు స్థాయిని ఎన్నో రెట్లు దాటిపోయింది. 1990లో ఈ ఫలితం అచ్చయింది. మూడు గంటలంటే ఎంత సమయం! ఆసుపత్రులు ఖాళీ చేయవచ్చు, వంతెనల మీద రాకపోకలు ఆపవచ్చు. ఆ రికార్డు చుట్టూ అంత ఆశ ఎందుకు అల్లుకుందో నాకు బాగా అర్థమవుతుంది.

కరెంటు పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. రాయి నుంచి కరెంటు పుట్టడమూ వింతేమీ కాదు. వంటింట్లో గ్యాస్ లైటర్ నొక్కితే నిప్పురవ్వ వస్తుంది కదా, అది లోపలున్న స్ఫటికం మీద పడిన దెబ్బకు పుట్టిన విద్యుత్తే. క్యూరీ సోదరులు ఈ గుణాన్ని 1880లోనే కనిపెట్టారు. గ్రానైట్‌లో ఉండే పలుగురాయికీ (క్వార్ట్జ్) ఈ గుణం ఉంది. కానీ రాతిలో పలుగు రేణువులు తలో దిక్కుకు తిరిగి ఉంటాయి కాబట్టి, ఒకదాని విద్యుదావేశాన్ని మరొకటి చాలావరకు కొట్టేస్తుంది. రాతి సందుల్లోంచి ఉప్పునీరు ఒత్తిడికి జరిగినా చిన్న విద్యుత్ ప్రవాహం పుడుతుంది. అమెరికాలో పనిచేసిన ఫ్రీడెమన్ ఫ్రాయిండ్ మరో దారి చూపించారు. అగ్నిశిలను ప్రయోగశాలలో గట్టిగా నొక్కితే లోపల బందీగా ఉన్న ధనావేశాలు విడుదలై, నొక్కని భాగం వైపు పారుతున్నాయని ఆయన చెప్పారు. ప్రయోగశాలలో చేతికందే రాయికి ఇది జరగవచ్చు. కిలోమీటర్ల లోతున, నీటితో తడిసిన, వేడెక్కిన రాతిలో పుట్టిన సంకేతం అంత మందాన్ని దాటి పైకి రాగలదా అన్నది వేరే ప్రశ్న. తడి నేల విద్యుత్ అలలను మింగేస్తుంది. నిదానమైన అలలే కొంతవరకు తప్పించుకు రాగలవు. కొరలీటోస్ రికార్డు మీద నమ్మకం కలగడానికి ఇదీ ఒక కారణం.

ఇరవై ఏళ్ల తర్వాత, 2009లో, జెరెమీ థామస్, జెఫ్రీ లవ్, మాల్కమ్ జాన్‌స్టన్ ఆ రికార్డును మళ్లీ తవ్వి తీశారు. వేరే చోట్ల ఉన్న అయస్కాంత కేంద్రాలు అవే రోజుల్లో రాసిన అంకెలతో పోల్చి చూశారు. ఆ అలజడి భూమి పంపిన సంకేతం అయ్యుండదు, పరికరంలోనే తేడా వచ్చి ఉంటుంది అన్నది వాళ్లు తేల్చిన మాట. ఇది చదివినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. కొన్ని కిలోమీటర్ల అవతల ఇంకొక తీగచుట్ట ఉండి ఉంటే ఈ సందేహం ఆ వారంలోనే తీరిపోయేది.

నన్ను ఇంకా గట్టిగా ఆపేది పార్క్‌ఫీల్డ్. అదీ కాలిఫోర్నియాలోనే, శాన్ ఆండ్రియాస్ భ్రంశం, అంటే భూమి పొరలోని పెద్ద చీలిక, మీద ఉన్న పల్లె. అక్కడ 1993లోపు భూకంపం వస్తుందని అంచనా వేసి శాస్త్రవేత్తలు ముందుగానే రకరకాల పరికరాలు అమర్చారు. 2004 సెప్టెంబర్ 28న, 6.0 తీవ్రతతో, అది వచ్చింది. నేల కదిలిన క్షణంలో అయస్కాంత క్షేత్రంలో చిన్న మార్పు నమోదైంది. ఎంత చిన్నదంటే, ఒక నానోటెస్లా (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చిన్న ప్రమాణం) కూడా లేదు. అక్కడి భూమి క్షేత్రం మొత్తం నలభై వేల నానోటెస్లాలకు పైమాటే. ముందు రోజుల్లో మాత్రం నమ్మదగ్గ సంకేతం ఏదీ దొరకలేదు. రాళ్లలో ఒత్తిడి ఒక్కసారిగా మారేది ఆ కదిలే క్షణంలోనే. అప్పుడే అంత తక్కువ వచ్చిందంటే, అంతకుముందు మూడు గంటలపాటు పెద్ద హోరు రావడం ఎలా సాధ్యం?

గ్రీసులో 1981 నుంచి వరోట్సోస్ బృందం నేలలోని విద్యుత్ మార్పులను పట్టేందుకు పాతిన ఎలక్ట్రోడులతో భూకంపాలను ముందే చెబుతామని వాదించింది. అక్కడ నేల తరచూ కంపిస్తూనే ఉంటుంది. తేదీలోనూ చోటులోనూ కాస్త వెసులుబాటు ఇస్తే ఊహకు చెప్పినా కొన్ని తగులుతాయని విమర్శకులు అన్నారు. ఆ వాదన 1990లంతా నడిచింది.

2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించి, హైదరాబాద్ దాకా తెలిసింది. అలాంటి రోజు 'ముందే చెప్పలేరా' అని ఎవరికైనా అనిపిస్తుంది. కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో ఉంటున్న మనవాళ్ల ఫోన్లకు ఇప్పుడు హెచ్చరిక వస్తుంది. అయితే అది భూకంపం మొదలయ్యాక, మొదటి అలను సెన్సర్లు పట్టుకున్నాక వచ్చేది. చేతిలో ఉండేది కొన్ని సెకన్లే.

ఉత్తరాఖండ్‌లోని ఘుత్తులో, హిమాలయాల భూగర్భాన్ని అధ్యయనం చేసే వాడియా సంస్థ 2007 నుంచి ఒక కేంద్రాన్ని నడుపుతోంది. అయస్కాంత మాపకం, గురుత్వ మాపకం, నేలలోంచి వచ్చే రేడాన్ వాయువును కొలిచే పరికరం, భూకంప లేఖిని అక్కడ ఒకేచోట ఉన్నాయి. ఒక పరికరం ఏదైనా చెబితే మిగతావి అవునంటున్నాయో లేదో అక్కడ చూడవచ్చు. భూకంపం లేని మామూలు రోజుల్లో సూర్యుడి తుపానుల వల్ల, వానల వల్ల వచ్చే ఒడుదొడుకులన్నీ ఆ రికార్డులోకి చేరుతూ ఉంటాయి. కొరలీటోస్‌లో ఆ తీగచుట్ట పక్కన ఇవేవీ లేవు.