'కెన్'కు గతం 'కుడ్' అనుకుంటే ఎక్కడ దెబ్బ తగులుతుంది?

హనుమకొండలో కోచింగ్ ముగించుకొని హైదరాబాద్ ఇంటర్వ్యూలకు బండెక్కే పిల్లలను ముంచే వాక్యం ఇది: "ఐ కుడ్ ఫినిష్ ద ప్రాజెక్ట్ ఇన్ టూ మంత్స్." రెండు నెలల్లో ముగించామని వాళ్ల ఉద్దేశం. అవతలివారికి మాత్రం "కావాలంటే ముగించగలను" అన్నట్టు వినిపిస్తుంది. చేసిన పని కాస్తా చేయని పనైపోతుంది.

అపోహ: జరిగిపోయిన దేనికైనా 'కుడ్' చాలు.

వాస్తవం: సగమే నిజం. అప్పట్లో ఎప్పుడూ ఉన్న నేర్పుకు 'కుడ్'. ఫలానా రోజు ఫలానా పని అయిందంటే 'వాజ్ ఏబుల్ టు' లేదా 'మేనేజ్డ్ టు'. ఈ తేడా మన నోట్లోనే ఉంది. "చిన్నప్పుడు చెరువు ఆ గట్టు దాకా ఈదగలిగెటోణ్ణి" అంటే కుడ్. "నిన్న కాజీపేటల రైలు అందుకోగలిగిన" అంటే వాజ్ ఏబుల్ టు. ముందు తెలుగులో అనుకోండి. చివర 'ఎటోణ్ణి', 'ఎటిదాన్ని' వచ్చిందా, 'ఇన' వచ్చిందా చూడండి. అప్పటికీ అనుమానముంటే రెండూ వదిలేసి "ఐ కాట్ ద ట్రెయిన్" అనండి, పీడా పోతుంది.

'నాట్' చేరితే ఈ గొడవే లేదు: "ఐ కుడ్న్ట్ క్యాచ్ ద ట్రెయిన్" ఒక్కసారి జరిగినదానికీ సరైనదే. సీ, హియర్, స్మెల్, అండర్‌స్టాండ్, రిమెంబర్ లాంటివాటికీ 'కుడ్' చెల్లుతుంది.

ఇక "ఐ కుడ్ హావ్ క్లియర్డ్ ద టెస్ట్" గతాన్ని ఇంకాస్త గట్టిగా చెప్పడం కాదు. "గట్టెక్కేవాణ్ణే, కానీ ఎక్కలేదు" అని అర్థం. పాసైనవాళ్లు కూడా ఇలా చెప్పి ఫెయిలైనట్టు ఒప్పుకుంటున్నారు!

అపోహ: 'కెన్' మొరటు, 'కుడ్' మర్యాద.

ఎవరు పుట్టించారో గానీ ఊరంతా తిరుగుతోంది. అడిగేటప్పుడు నిజమే, "కుడ్ యూ" మెత్తగా ఉంటుంది. మీ నేర్పు చెప్పుకునేటప్పుడు "ఐ కెన్ డ్రైవ్" అనే అనాలి. "ఐ కుడ్ డ్రైవ్" అంటే ఒకప్పుడు నడిపేవారేమో అనుకుంటారు.

అపోహ: "కెన్ ఏబుల్ టు" అంటే బలం.

"చేయగలగలను" అన్నట్టుంటుంది. 'ఐ కెన్' అనండి, లేదంటే 'ఐ యామ్ ఏబుల్ టు' అనండి, రెండూ కలపొద్దు. 'విల్ కెన్' కూడా అంతే, 'కెన్', 'విల్' లాంటి సహాయక క్రియల్ని 'మోడల్' అంటారు, ఒక మోడల్ పక్కన ఇంకో మోడల్ నిలవదు. 'విల్ బి ఏబుల్ టు' అనాలి.

భయపడి నోరు కట్టేసుకోకండి. మాట మధ్యలో 'కుడ్' దొర్లితే, వెంటనే "యెస్, ఐ ఫినిష్డ్ ఇట్" అని కలపండి. అవతలివారికి అసలు సంగతి అందుతుంది.