బొమ్మ స్టేషన్‌లో దీపాలు

చిట్టీ, బుజ్జీ,

మీరు చేసిన బొమ్మ రైల్వే స్టేషన్ ఫోటో చూశాను. కాచిగూడ స్టేషన్ గుమ్మటాలు, మినార్లు భలే కుదిరాయి. 1916లో నిజాం జమానాలో కట్టిన భవనం మరి, ఆ మాత్రం దర్జా ఉండాలి. దీపాలు ఏం కొనాలని అడిగారు. దానికంటే ముందు గోడల సంగతి చూడండి.

ప్లాస్టిక్ గోడ పైకి గట్టిగానే కనిపిస్తుంది. లోపల దీపం వేయగానే భవనమంతా దీపావళి కాగితం లాంతరులా మెరుస్తుంది, కిటికీల అందం కాస్తా పోతుంది. అందుకే లోపలి వైపు నల్ల రంగు రెండు పూతలు వేయండి. మూలల సందుల్లో నల్ల టేపు అంటించండి. గదికీ గదికీ మధ్య అట్ట ముక్క అడ్డం పెడితే ఒక గది వెలుగు పక్క గదిలోకి పోదు. అన్ని కిటికీలూ వెలగక్కర్లేదు. టికెట్ కౌంటర్, స్టేషన్ మాస్టర్ గది చాలు.

ఎల్‌ఈడీలు కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. వార్మ్ వైట్ (కాస్త పసుపు ఛాయ ఉన్న తెలుపు) అని అడగండి, ఉత్త తెలుపు ఆస్పత్రి కళ తెస్తుంది. 12 వోల్టుల అడాప్టర్ వాడుతున్నారు కదా, తెల్ల ఎల్‌ఈడీకి సుమారు 3 వోల్టులు చాలు. మిగతా 9 రెసిస్టర్ మీద, అంటే కరెంటును తగ్గించే ఆ బుల్లి ముక్క మీద పడాలి. 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే 9 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. ఆ బుల్లి గదికి అదీ ఎక్కువే. 4.7 కిలో ఓమ్ పెట్టండి. పసుపు, ఊదా, ఎరుపు పట్టీలుంటాయి దాని మీద. కరెంటు 2 మిల్లీ ఆంపియర్లకు దిగుతుంది, గది నిజంగా గదిలా కనిపిస్తుంది. ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్‌కి. ఒక్కో దీపానికి ఒక్కో రెసిస్టర్, అక్కడ పొదుపు వద్దు.

స్టేషన్ దీపాలకు పట్టాల నుంచి కరెంటు తీయకండి. మీది రెగ్యులేటర్ తిప్పి, పట్టాల్లోకి కరెంటు పంపి నడిపే డీసీ బండి. దాన్ని ఆపితే దీపాలూ ఆరిపోతాయి, వెనక్కి నడిపితే ప్లస్ మైనస్ తారుమారై అసలు వెలగవు.

సిగ్నల్ స్తంభం మీద ఎర్ర దీపం పైన పెట్టారు, అది రోడ్డు సిగ్నల్ పద్ధతి. మన రైళ్ల రంగు దీపాల సిగ్నల్‌లో ఎరుపు అన్నిటికంటే కింద ఉంటుంది. మార్చేయండి. ఆఖరి పెట్టె వెనక కూడా ఒక ఎర్ర దీపం ఉండాలి. బండి పూర్తిగా వచ్చిందో, మధ్యలో పెట్టెలు ఊడిపోయాయో రాత్రిపూట స్టేషన్ వాళ్లు దాన్ని చూసే పోల్చుకుంటారు.

సోల్డరింగ్ మాత్రం మీ నాన్న పక్కన కూర్చున్నప్పుడే చేయండి, కిటికీ తెరిచి.

ఇట్లు,
తాతయ్య