చూసినందుకు డబ్బులా?

చిరంజీవులకు, షెడ్డు తాత ఆశీర్వదించి రాస్తున్నది.

మా నాన్న ఉత్తరాలన్నీ ఇలాగే మొదలయ్యేవి. ఇంకో రకంగా మొదలుపెట్టడం నాకు తెలియదు, సర్దుకోండి.

పోయిన నెల మీ టీచరుతో కలిసి రేణిగుంట రోడ్డులో ఉన్న మా మెకానిక్ షెడ్డు చూడటానికి వచ్చారు. తలా ఒక నోటు పుస్తకం, పుస్తకం నిండా ప్రశ్నలు. ఆ రోజు మీకు సరిగా జవాబు చెప్పలేకపోయాను. అదే సమయానికి చెన్నై వ్యాను ఒకటి వచ్చి ఆగింది. లోపల పదకొండు మంది, అందరూ గుండ్లు చేయించుకున్నవాళ్లు, అందరూ ఆకలి మీద ఉన్నారు. నేను అటు తిరిగి ఒక మాట, మీ వైపు తిరిగి ఒక మాట చెబుతూ ఉండగా, వెనక నిలబడ్డ అమ్మాయి అడిగింది: "తాతా, బండి బాగుచేయడం కష్టమా, డబ్బులు అడగడం కష్టమా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు మళ్లీ గుర్తొచ్చింది కానీ నవ్వు రాలేదు.

ముందు ఆ వ్యాను సంగతి చెబుతాను. కొండ దిగుతుంటే బ్రేకు పెడలు నేలకు అంటుకుపోయిందని డ్రైవరు చెప్పాడు కదా. మీలో ఒకబ్బాయి సీట్లో కూర్చుని తొక్కి చూశాడు. పెడలు రాయిలా గట్టిగా ఉంది. "తాతా, డ్రైవరు అబద్ధం చెబుతున్నాడు" అని నా చెవిలో గుసగుసలాడాడు. డ్రైవరు చెప్పింది నిజమే నాయనా. నువ్వు తొక్కి చూసిందీ నిజమే.

తిరుమల మన తిరుపతి కంటే దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డులో ఇప్పుడు బండ్లు దిగుతాయి, 1974లో వచ్చిన రెండో దానిలో ఎక్కుతాయి. రెండు టన్నుల బండి ఆ 700 మీటర్లు దిగేటప్పుడు దాని బరువు వల్ల వచ్చే శక్తి ఎక్కడికో పోవాలి. అంతా బ్రేకుల మీదే పడితే ఆ వేడితో మూడు బిందెల చన్నీళ్లు మరిగించవచ్చు. మీ సైన్సు టీచరుతో లెక్క వేయించుకోండి, సుమారుగా సరిపోతుంది. అందుకే ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో, మూడో గేరులో దిగాలి. అప్పుడు బండిని ఇంజనే వెనక్కి పట్టి ఉంచుతుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగితే భారం మొత్తం బ్రేకు మీదే పడుతుంది.

ఇక బ్రేకు ఆయిల్. దానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అదే ఆయిల్ కొంత నీరు పట్టాక 140 డిగ్రీలకే మరగవచ్చు. గొట్టంలో ఆవిరి పుట్టిందంటే మీరు పెడలు తొక్కినప్పుడు ఆవిరి అణుగుతుంది కానీ చక్రం దాకా బలం చేరదు. పెడలు నేలకు తగులుతుంది. బండి ఎక్కడో ఆగి అరగంట చల్లబడితే ఆవిరి మళ్లీ నూనెలో కలిసిపోతుంది, పెడలు మామూలుగా లేస్తుంది. షెడ్డుకు వచ్చేసరికి రోగం మాయం.

అందుకే నేను పానా పట్టుకోకముందు "తంబీ, ఏ గేరులో దిగావు?" అని అడిగాను. అతను పైకప్పు వైపు చూశాడు. అది సగం జవాబు. ముందు చక్రాల దగ్గర కాలిన బ్రేకు లైనరు వాసన ఇంకా ఉంది. వెనక బ్రేకు డ్రమ్ము విప్పితే లోపల వేడికి నీలం రంగు తిరిగి ఉంది. ఆయిల్ డబ్బా మూత తీసి మీకు చూపించాను, గుర్తుందా? తేనె రంగులో ఉండాల్సినది కాఫీ డికాషన్‌లా ఉంది. కొత్త ఆయిల్ పోసి, ఒకరు పెడలు తొక్కుతుంటే ఇంకొకరు ఒక్కో చక్రం దగ్గర ఆయిల్ వదిలే చిన్న నిపిల్ విప్పి గాలి తీయడానికి గంట పట్టింది. సీసా ఖరీదు కాక 400 అడిగాను. లోపల నుంచి ఒక పెద్దాయన, "చిన్న సీసా నూనె పోసి 400 రూపాయలా?" అన్నాడు. నేను 250కి దిగాను. మీ ముందే దిగాను. అమ్మాయి ప్రశ్న అక్కడే పుట్టి ఉంటుంది.

ఆయనకు కనబడింది సీసా. నేను చేసిన అసలు పని ఆ సీసా తెరవకముందే అయిపోయింది. ఏది చెడిందో కనుక్కోవడమే మా వృత్తిలో సగానికి పైగా పని, దానికే ఎవరూ డబ్బులివ్వరు. సామాను మార్చితే ఇస్తారు, చెమట కనబడితే ఇస్తారు. "డాక్టరు నాడి చూస్తే ఫీజు ఇవ్వరా?" అని ప్రతి మెకానిక్కూ ఏదో ఒక రోజు అంటాడు. నేనూ అన్నాను. విన్నవాళ్లు లేరు.

ఆ చూడటం ఎలా వస్తుందో చెబుతాను. నేను 1978లో, పన్నెండేళ్ల వయసులో షెడ్డులో చేరాను. మొదటి ఏడాది టీ తేవడం, కిరసనాయిలుతో సామాన్లు కడగడం, మేస్త్రి చెయ్యి చాపగానే సరైన పానా పెట్టడం. పన్నెండో నంబరు అడిగితే పదమూడు ఇస్తే అదే పానాతో వేళ్ల మీద ఒకటి పడేది. అప్పుడు అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు, ఇంకా మాటడోర్ వ్యాన్లు. మారుతి 800 ఇంకా పుట్టనే లేదు, అది 1983 చివర్లో వచ్చింది. మేస్త్రి పెద్ద స్క్రూడ్రైవరు కొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి కళ్లు మూసుకునేవాడు. ట్యాపెట్ చప్పుడా, బేరింగ్ చప్పుడా అని అలా తేల్చేవాడు. ప్లగ్గు విప్పి కొన చూసేవాడు. ఇటుక రంగులో ఉంటే మంచిది, మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ. ఏదీ నోటితో చెప్పేవాడు కాదు. నేర్పితే రేపు పక్కనే షెడ్డు పెడతానని ఆయన భయం. ఆ భయం అబద్ధం కాలేదు, నేను రెండు కిలోమీటర్ల దూరంలో పెట్టాను.

ఆ రోజులు బాగుండేవని మాత్రం అనుకోకండి. పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదని ఇప్పుడు చట్టం ఉంది. ఉండాల్సిన చట్టమే. నా కుడి చేతి రెండు వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. వేడి మీద ఉన్న రేడియేటర్ మూత తియ్యమని పదమూడేళ్ల పిల్లవాడికి చెబితే ఏమవుతుందో అదే అయింది.

నేను చేసిన తప్పు కూడా ఒకటి చెప్పాలి. లేకపోతే ఈ తాతకు అన్నీ తెలుసనుకుంటారు. ఒకసారి ఒక టాక్సీ వచ్చింది. తాళం తిప్పితే టిక్కు టిక్కుమంటుంది, స్టార్టు కాదు. బ్యాటరీ పోయిందన్నాను, కొత్తది వేయించాను. రెండు రోజులకు మళ్లీ వచ్చింది. స్టార్టర్ మోటారు వైండింగుకు పంపాను. వారానికి మళ్లీ వచ్చింది. అప్పుడు బుద్ధి వచ్చి మీటరు తీశాను. ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకో ముల్లు ఇంజనుకు పెట్టి తాళం తిప్పమన్నాను. అక్కడ అర వోల్టు దాటకూడదు. 3 వోల్టులు చూపించింది. బ్యాటరీ నుంచి ఇంజనుకు పోయే ఎర్తు తీగ బోల్టు కింద పచ్చగా చిలుము పట్టి ఉంది. ఎమరీ కాగితం ముక్కతో రుద్ది బిగించాను. పది నిమిషాల పని. ఆ డ్రైవరు అప్పటికే మూడు వారాల సంపాదన నా మాట నమ్మి పోగొట్టుకున్నాడు. వైండింగు డబ్బులు తిరిగి ఇచ్చాను. బ్యాటరీ డబ్బులు ఇవ్వలేదు, ఇవ్వగలిగిన స్థితి కాదు నాది. ఆ డ్రైవరు మళ్లీ మా షెడ్డు వైపు రాలేదు.

ఇప్పుడు రోగం కనుక్కోవడానికి యంత్రం ఉంది కదా అని మీలో ఇద్దరు రాసుకొచ్చారు. ఉంది. 2020 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నీ బీఎస్6, అంటే పొగ తగ్గించాలనే కొత్త ప్రమాణం. కార్బురేటర్ దాదాపు పోయింది, చిన్న బైకులో కూడా కంప్యూటర్ కూర్చుంది. కార్లలో స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి స్కానర్ పెడితే ఒక నంబరు చెబుతుంది. కానీ ఎక్కడ నొప్పిగా ఉందో చెబుతుంది తప్ప ఎందుకు నొప్పిగా ఉందో చెప్పదు. మా కుర్రవాడు ఒకసారి పి 0171 అని చూపిస్తే ఆక్సిజన్ సెన్సర్ మార్చేశాడు. ఆ నంబరుకు అర్థం గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని. సెన్సర్ ఉన్నమాటే చెప్పింది పాపం. తప్పు గాలి గొట్టంలో ఉంది, కింది వైపు వెంట్రుకంత చీలిక. సబ్బు నురగ పూస్తే అక్కడ లోపలికి పీల్చుకుంది. నిజం చెప్పినవాడిని పీకేసి కొత్తవాడిని పెట్టినట్టయింది.

ఇంకో చిక్కు ఉంది. కొన్ని బండ్లలో సామాను మార్చాక కంప్యూటర్‌కు ఆ సంగతి చెప్పాలి, చెప్పే సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వీసు సెంటర్లకే ఇస్తారు. తాళం బాగుచేసినా తలుపు తీయడానికి వేరేవాళ్లను పిలవాల్సిన పరిస్థితి. మరమ్మతు హక్కు, అంటే కొన్న వస్తువును నచ్చిన చోట బాగుచేయించుకునే హక్కు గురించి కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల శాఖ 2022లో ఒక కమిటీ వేసింది, వాహనాలనూ అందులో చేర్చింది. మా షెడ్డు దాకా మాత్రం ఆ గాలి ఇంకా వీయలేదు.

కరెంటు బండ్లు వస్తే మీ పని ఉంటుందా అని అడిగారు. కొండ మీదికి కరెంటు బస్సులు 2022లోనే మొదలయ్యాయి. అవి దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి బండిని ఆపుతూ కొంత కరెంటును బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. నేను చెప్పిన మూడు బిందెల వేడిలో చాలా భాగం అలా మిగులుతుంది. బ్రేకులు అంతగా అరగవు. నలభై ఏళ్లుగా ఘాట్ రోడ్డు అరగదీసిన బ్రేకుల మీదే నా ఇల్లు గడిచింది, కాబట్టి సంతోషపడాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను. నారింజ రంగు తీగలు కనబడితే మాత్రం నేను చేయి పెట్టను. అందులో మనిషిని చంపేంత వోల్టేజీ ఉంటుంది. మా కుర్రవాడిని శిక్షణకు పంపాను. ఇప్పుడు అతను చెబితే నేను వింటాను. మా మేస్త్రి చూస్తే నవ్వేవాడు.

ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. పది పాసై ఐటీఐలో మోటార్ మెకానిక్ కోర్సు చేయండి, రెండేళ్లు. తరువాత అప్రెంటిస్‌గా ఎక్కడైనా చేయండి. మన జిల్లాలోనే శ్రీసిటీలో ఇసుజు, సత్యవేడు వైపు హీరో, చినపాండూరులో అపోలో టైర్లు, కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు ఉన్నాయి. అక్కడ జీతం, ఈఎస్ఐ, నెలకు ఇన్ని సెలవులు అని ఉంటుంది. కానీ బండి తయారుచేయడం వేరు, చెడిన బండిని చూడటం వేరు. అక్కడ ప్రతి బోల్టు కొత్తది. ఇక్కడ ప్రతి బోల్టూ ఇంతకుముందు ఎవరో పాడుచేసి వదిలినదే. షెడ్డులో పింఛను లేదు. ఏడాదికి 20 రూపాయలు కడితే బ్యాంకులో 2 లక్షల ప్రమాద బీమా వస్తుంది. మా దగ్గర నలుగురికీ నేనే కట్టిస్తాను, కట్టించకపోతే మరిచిపోతారు. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరకండి, స్టాండు పెట్టండి. బ్రేకు దుమ్ము నోటితో ఊదకండి. చేతులు పెట్రోలుతో కడగకండి. ఈ మూడూ నేను చేశాను, మోకాళ్లూ దగ్గూ నావే.

ఆడపిల్లలు చేయవచ్చా అని కూడా అడిగారు. చేయవచ్చు. ఎర్తు తీగ చిలుము కనుక్కోవడానికి మీసాలు అక్కర్లేదు. ఇన్నేళ్లలో మా షెడ్డుకు ఒక్క అమ్మాయి కూడా పనికి రాలేదు. తప్పు నాదే. మా షెడ్డులో బాత్‌రూము లేదు. మగవాళ్లం పక్కనున్న టీ కొట్టు వెనక్కి వెళ్తాం. ఇది మీ నోటు పుస్తకంలో రాసుకోకపోయినా పర్లేదు.

ఇక వెనక నిలబడ్డ అమ్మాయికి. మీరు వెళ్లిన వారానికి మా మనవడితో బోర్డు రాయించాను: "బండి చూసినందుకు 150. పని చేయిస్తే బిల్లులో తగ్గించబడును." మొదటి పది రోజుల్లో ఆరుగురు బోర్డు చదివి వెళ్లిపోయారు. పాత ఖాతాదారు ఒకరు, "నాకు కూడానా అన్నా?" అని మొహం ముడుచుకున్నాడు. ఆయన నాకు పోయిన దసరా నుంచి బాకీ. మధ్యలో ఒక రాత్రి బోర్డు దింపేద్దామని నిచ్చెన కూడా వేశాను. మరునాడు వేలూరు నుంచి వచ్చిన కారాయన దాన్ని తమిళంలో చదివించుకుని, "పార్క కాసా?" అన్నాడు. చూడటానికి డబ్బులా అని. నేను అవునన్నాను. గొంతు కొంచెం తడబడింది కానీ అవునన్నాను. గంటసేపు చూసి, మార్చాల్సింది ఏమీ లేదు, చక్రం తొట్టిలో ఒక రాయి ఇరుక్కుని చప్పుడు చేస్తోందని చూపించాను. ఆయన రాయిని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు. తరువాత 150 తీసి ఇచ్చాడు. బోర్డు ఇంకా అక్కడే ఉంది.

మళ్లీ వస్తే చెప్పులతో కాదు, బూట్లతో రండి. జడలు ముడి వేసుకోండి, చున్నీలు వద్దు. మంగళవారం అయితే మేలు, బేరాలు తక్కువ. తమిళుల పెరటాసి నెల శనివారాల్లో మాత్రం రావద్దు, తమిళనాడు బండ్లన్నీ ఇక్కడే ఉంటాయి, మీ వైపు తల కూడా తిప్పలేను.

మీ షెడ్డు తాత
తిరుపతి