సెల్ఫ్ ఎత్తకపోతే తప్పంతా బ్యాటరీదేనా? సీటు మోవర్ల విషయంలో అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో వానలు పట్టి పచ్చిక పిక్కలెత్తు పెరిగే రోజుల్లో నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే మాటతో మొదలవుతాయి: "బ్యాటరీ మళ్లా పడుకునేసిందినా, కొత్తది ఒకటి ఎత్తుకోని రా." ఫోన్ చేసేవారిలో కళాశాలల తోటమాలులు ఉంటారు, కల్యాణ మండపాల మేనేజర్లు ఉంటారు, చంద్రగిరి వైపు మామిడి తోటలో ఇల్లు కట్టుకుని, కూర్చుని నడిపే గడ్డి కోత యంత్రం కొనుక్కున్నవారు ఉంటారు. ట్రాక్టర్లకూ ఆటోలకూ కరెంటు పని చేసే నేను ఈ మోవర్లను చూడడం మొదలుపెట్టి పదేళ్లు దాటింది. ఇన్నేళ్లలో పాతసామానుకు వేయించిన బ్యాటరీలలో చాలావాటికి అసలు రోగమే లేదు.

అపోహ: సెల్ఫ్ నీరసంగా తిరిగితే బ్యాటరీ పోయినట్టే.

జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. బ్యాటరీ ఇచ్చిన కరెంటు సొలనాయిడ్ (తాళం తిప్పగానే స్టార్టర్‌కు పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) గుండా స్టార్టర్ మోటారుకు చేరి, ఇంజిన్ బాడీ నుంచి ఎర్త్ వైరు మీదుగా తిరిగి రావాలి. వంద ఆంపియర్లు పారే దారిలో ఎక్కడైనా 0.02 ఓమ్ అడ్డు ఉన్నా 2 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. బల్బు వెలగడానికి ఆ అడ్డు లెక్కలోకి రాదు కాబట్టి, "లైటు బాగానే వెలుగుతోంది కదా, వైర్లు మంచివే" అనే వాదన చెల్లదు.

కరకంబాడి రోడ్డు పక్కన ఒక ప్రాంగణంలో ఏడాదిలో రెండో బ్యాటరీ మార్చిన మోవర్ మళ్లీ మూలపడింది. "మూడోది అడిగితే నా జీతంలో పట్టేస్తారేమోనన్నా" అని తోటమాలి పిల్లవాడు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. సెల్ఫ్ కొట్టించి చూస్తే బ్యాటరీ దిమ్మల (టెర్మినళ్ల) దగ్గర 11.3 వోల్టులు ఉన్నాయి, స్టార్టర్ దగ్గరకు వచ్చేసరికి 8.6 మాత్రమే మిగిలాయి. వోల్టు మీటరు వైర్ల కొనల్లో ఒక ముల్లును నెగటివ్ దిమ్మ మీదా, రెండోదాన్ని ఇంజిన్ బాడీ మీదా పెట్టి మళ్లీ కొట్టిస్తే 2.4 చూపించింది. అక్కడ 0.2, 0.3 దాటకూడదు. సీటు కింద ఎర్త్ వైరును బిగించిన బోల్టు విప్పితే, లగ్గుకూ (వైరు చివర బోల్టు పట్టే రింగు) ఛాసిస్‌కూ నడుమ సగం పెయింటు, సగం తుప్పు, అంచున పచ్చటి చిలుము కనిపించాయి. ఉప్పు కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, లగ్గును కూడా గీకి, నక్షత్రపు వాషరు వేసి బిగించాను. తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. అప్పటికే పారేసిన రెండు బ్యాటరీల ఖరీదు ఎవరిస్తారు?

అందువల్ల కొనే ముందు పరీక్షించండి. రాత్రంతా కదపకుండా ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగానికి దిగినట్టు. దిగినదాన్ని ముందు ఛార్జింగ్ పెట్టాలి. ఆ తర్వాత ఇంజిన్ అందుకోకుండా స్పార్క్ ప్లగ్ వైరు తీసి ఎర్త్ చేసి, కొన్ని సెకన్లు సెల్ఫ్ కొట్టిస్తూ మీటరు ముళ్లను క్లాంపుల మీద కాకుండా దిమ్మల మీదే ఆనించి చూడాలి. నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ అప్పుడు 9.6 కంటే కిందికి జారితేనే అనుమానించండి. జారకపోతే వైర్ల వెంట వెతకండి. ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించి, సెల్ఫ్ భారం పడగానే వోల్టేజీ కూలిపోయే బ్యాటరీలు కూడా ఉంటాయి కాబట్టి మొదటి కొలత ఒక్కటే నమ్మి ఊరుకోవద్దు.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. ఒక సింగిల్ సిలిండర్ మోవర్ సగం చుట్టు తిరిగి, గోడకు గుద్దుకున్నట్టు ఆగుతుంటే నేనే కొత్త బ్యాటరీ అమ్మాను. కొత్త బలం మీద పది రోజులు నడిచి మళ్లీ అదే తంతు. ఈ ఇంజిన్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు ఒక వాల్వును కొద్దిగా ఎత్తి కంప్రెషన్ తగ్గించే ఏర్పాటు ఉంటుంది. వాల్వు సందు (వాల్వుకూ దాన్ని నొక్కే చేతికీ మధ్య ఖాళీ) పెరిగిపోతే ఆ కొద్దిపాటి ఎత్తు అందక, పిస్టన్ పూర్తి కంప్రెషన్‌తో పెనుగులాడవలసి వస్తుంది. ఫీలర్ గేజీతో (సన్నని సందులు కొలిచే రేకులతో) ఇంజిన్ పుస్తకంలోని కొలతకు సందు సరిచేశాక పాత బ్యాటరీతోనే స్టార్ట్ అయింది. కొత్తదాన్ని వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇచ్చాను.

తాళం తిప్పినా "టిక్" అన్న చప్పుడు కూడా రాకపోతే కంగారు పడకండి. సీటు మీద మనిషి లేకపోయినా, బ్రేకు తొక్కకపోయినా, బ్లేడు లీవరు ఆన్‌లో ఉన్నా సేఫ్టీ స్విచ్చులు సెల్ఫ్‌ను పడనివ్వవు. సీటు కింది స్విచ్చు వైరును ఎలుక కొరికిన సందర్భాలు నేను చాలానే చూశాను.

అపోహ: పది నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచితే ఛార్జ్ అయిపోతుంది.

చిన్న మోవర్లలో కొన్నింటి ఛార్జింగ్ కాయిల్ ఇంజిన్ పూర్తి వేగంలో ఉన్నప్పుడే సుమారు 3 ఆంపియర్లు ఇస్తుంది, ఐడిల్‌లో అంతకూడా రాదు. ఏప్రిల్, మే నెలల్లో పచ్చిక ఎండిపోయి యంత్రం రేకుల షెడ్డులో మగ్గుతుంటే, సగం దిగిన బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది; మన ఎండ ఆ పనిని ఇంకా తొందరపెడుతుంది. నెగటివ్ వైరు విప్పేసి, నెలకోసారి చిన్న ఛార్జరుతో నింపండి. 24 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి రెండు, రెండున్నర ఆంపియర్లు చాలు. లారీ బ్యాటరీల వరుసలో కలిపి పెట్టించవద్దు.

సిమెంటు నేల మీద పెడితే బ్యాటరీ దిగిపోతుందన్నది పాతకాలపు పెట్టెల నాటి మాట, నేటి ప్లాస్టిక్ పెట్టెలకు వర్తించదు. "లోపల యాసిడ్ తగ్గింది, కొంచెం పోయించు" అనేవారి మాట వినవద్దు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, యాసిడ్ లోపలే ఉంటుంది. బోరు నీళ్లు సరే, ఆర్వో నీళ్లు కూడా డిస్టిల్డ్ వాటర్ కావు. మూతలున్న బ్యాటరీలో ప్లేట్లు మునిగేంత నీరు ఉందో లేదో చూసుకుని, ఛార్జింగ్ అయిన తర్వాత గుర్తు వరకు నింపండి. సీల్ వేసిన బ్యాటరీ అయితే దాని మూతను స్క్రూడ్రైవరుతో పెళ్లగించే ప్రయత్నం చేయకండి.