సాఫ్ట్ క్లోజ్ హింజెస్: అపోహలు - వాస్తవాలు

సాఫ్ట్ క్లోజ్ హింజ్ అంటే తలుపు చప్పుడు లేకుండా మెల్లగా మూసుకునేలా చేసే బందు. మొన్న ఒక అపార్ట్‌మెంట్‌లో కిచెన్ చూడమంటే వెళ్లాను. ఏడాదిన్నర కింద వేరేవాళ్లు చేసిన పని అది. "సాఫ్ట్ క్లోజ్ అని డబ్బులు తీసుకున్నారు బాబూ, అప్పుడే పాడైపోయింది. తలుపు ఠప్పుమని కొడుతోంది" అన్నారు ఆ ఇంటి పెద్దావిడ. తలుపు తెరిచి టార్చ్ వేసి చూస్తే హింజ్ కొత్తదానిలా ఉంది. తలుపు చెక్కలో తవ్విన గుండ్రటి గుంతలో కూర్చునే భాగాన్ని కప్పు అంటాం. దాని మీద ఉండే చిన్న స్విచ్ మాత్రం ఆఫ్‌లో ఉంది. కొన్ని మోడళ్లలో డ్యాంపర్‌ను, అంటే తలుపు వేగం తగ్గించే భాగాన్ని, ఆపడానికి అలాంటి స్విచ్ ఇస్తారు. పండక్కి అరలు తుడిచినప్పుడు గుడ్డ తగిలి జరిగినట్టుంది. గోటితో వెనక్కి నెట్టి తలుపు వదిలాను. చప్పుడు లేకుండా వెళ్లి ఆనుకుంది. ఆవిడ నాలుగుసార్లు తెరిచి మూసి చూసుకున్నారు.

పంతొమ్మిదేళ్లుగా కిచెన్‌లు, వార్డ్‌రోబ్‌లు చేస్తున్నాను. హింజ్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం నిజానికి హింజ్‌వి కావు. కొలత తప్పడం వల్ల, బిగింపు సరిగా లేకపోవడం వల్ల వచ్చేవి. తప్పు ఒకచోట ఉంటే జనం డబ్బు ఇంకోచోట పోస్తున్నారు. అందుకే నేను తరచూ వినే మాటలు, వాటి వెనక ఉన్న అసలు సంగతి రాస్తున్నాను.

అపోహ: తలుపును మూసేది హింజ్‌లోని ఆయిల్ పిస్టనే

కాదు. మూసేది స్ప్రింగ్. హింజ్‌లో రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. తలుపు కొంత దగ్గరికి వచ్చాక స్ప్రింగ్ దాన్ని లోపలికి లాగుతుంది. ఆ లాగుడు వేగాన్ని తగ్గించేది డ్యాంపర్, అంటే లోపల చిక్కటి సిలికాన్ ఆయిల్ ఉన్న చిన్న సిలిండర్. ఆయిల్ సన్నటి దారిలోంచి పోవాలి కాబట్టి పిస్టన్ ఒక్కసారిగా దూసుకెళ్లలేదు.

సైకిల్ పంపు మూతికి వేలు సగం అడ్డం పెట్టి కొట్టి చూడండి. మెల్లగా నొక్కితే దిగుతుంది. గట్టిగా నొక్కితే చేతిని ఆపేస్తుంది. డ్యాంపర్ కూడా అంతే, ఎంత జోరుగా వస్తే అంతగా అడ్డుకుంటుంది. అందుకే విసిరి కొట్టిన తలుపు కూడా చివర్లో నెమ్మదిస్తుంది. అలాగని రోజూ విసిరి కొట్టమని కాదు. డ్యాంపర్ నెమ్మదిస్తున్నప్పుడు తొందరపడి చేత్తో నొక్కి మూసే అలవాటు కూడా మంచిది కాదు. కాస్త నెట్టి వదిలేస్తే చాలు, మిగతా పని అది చేసుకుంటుంది.

చలికి ఆయిల్ ఇంకాస్త చిక్కబడుతుంది. ఆదిలాబాద్ వైపో అరకు వైపో జనవరి తెల్లవారుజామున తలుపు ఎక్కువ సేపు తీసుకుని మూసుకుంటే రిపేరు కాదు, టెన్షన్ పడకండి.

ఆస్ట్రియాకు చెందిన బ్లమ్ కంపెనీ 1952లో గుర్రపు నాడాలకు కొట్టే మేకులతో మొదలైంది. తలుపులు, సొరుగులు మెత్తగా మూసుకునే పద్ధతిని 2001లో మార్కెట్లోకి తెచ్చింది. మొదట్లో హింజ్‌కు డ్యాంపర్‌ను విడిగా తగిలించేవారు. ఇప్పుడు మనం కొనే చాలా రకాల్లో అది హింజ్‌లోనే కలిసిపోయి ఉంటోంది.

అపోహ: ఎన్ని డ్యాంపర్లు ఉంటే అంత మంచిది

అడుగున్నర ఎత్తున్న చిన్న తలుపుకు రెండు సాఫ్ట్ క్లోజ్ హింజెస్ పెడితే ఒక్కోసారి తలుపు చివరిదాకా వెళ్లడానికి బద్ధకిస్తుంది, లేదా కొద్దిగా తెరిచే ఉండిపోతుంది. తలుపు బరువు తక్కువ, అడ్డుకునే బలం ఎక్కువ. అందుకే ఆ స్విచ్ ఇచ్చారు. ఒక హింజ్‌లో డ్యాంపర్ ఆపేస్తే సరిపోతుంది. "రెండింట్లో ఒకటి పని చేయట్లేదు, మోసం చేశారు" అని ఒక కస్టమర్ నాతో వాదించారు. మోసం కాదు, లెక్క ప్రకారం చేసిన పనే.

అపోహ: తలుపు ఎంత పెద్దదైనా మూడు హింజెస్ చాలు

నేను చూసిన పాడైన వార్డ్‌రోబ్‌లలో సగానికి పైగా ఈ మాట దగ్గరే పాడయ్యాయి.

రెండడుగుల వెడల్పు దాకా ఉన్న తలుపుకు నేను పాటించే లెక్క ఇది. మూడడుగుల ఎత్తు వరకు రెండు, 1600 ఎంఎం వరకు మూడు, 2000 వరకు నాలుగు, అక్కడి నుంచి 2400 వరకు ఐదు. మంచి కంపెనీలన్నీ తమ కేటలాగ్‌లో దాదాపు ఇలాంటి పట్టికే ఇస్తాయి, పక్కనే బరువు కూడా రాస్తాయి. మనవాళ్లు ఎత్తు చూసి ఆగిపోతారు, బరువు చూడరు.

ఒక తలుపు లెక్క వేద్దాం. ఏడడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, 18 ఎంఎం ప్లైవుడ్. చెక్క ఒక్కటే సుమారు 11 కిలోలు. రెండు వైపులా సన్‌మైకా కలిపితే 13, 14 కిలోలకు వస్తుంది. దీనికి ఎత్తు లెక్కలోనే ఐదు హింజెస్ కావాలి. ఇప్పుడు ఇంటివాళ్లు "తలుపు నిండా అద్దం పెట్టండి" అంటారు. అద్దం చదరపు మీటరుకు ఒక్కో ఎంఎం మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. 4 ఎంఎం అద్దం అంటే ఈ తలుపు మీద ఇంకో 9, 10 కిలోలు. మొత్తం 23 కిలోలు దాటింది. ఐదు హింజెస్ పెట్టినా అంచు మీద ఉన్నట్టే.

పని నేర్చుకున్న కొత్తలో నేనూ ఇలాంటి తలుపుకు నాలుగే పెట్టాను. మూడు నెలలకు ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే పై హింజ్‌ను వార్డ్‌రోబ్ పక్క చెక్కకు పట్టి ఉంచే ప్లేటు స్క్రూలు చెక్క పొట్టుతో సహా సగం బయటికి వచ్చి ఉన్నాయి. తలుపు కింది మూల నేలకు రాసుకుని సన్‌మైకా లేచిపోయింది. ఆ ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. ఆ తలుపు ఊడి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఆ రోజే తలుపు దించేసి, నా ఖర్చుతో కొత్త తలుపు చేసిచ్చాను. నడుము నుంచి తల దాకా కనిపించే అద్దం మాత్రమే పెట్టి, హింజెస్ ఐదు వేశాను.

బరువు మొదట లాగేది పై హింజ్‌నే. అందుకే పైది, కిందిది వీలైనంత దూరంగా ఉండాలి. వెడల్పు పెరిగినా పై హింజ్ మీద లాగుడు పెరుగుతుంది. వెడల్పాటి ఒక తలుపుకు బదులు సన్నవి రెండు పెట్టుకోమని నేను చెప్పేది అందుకే.

అపోహ: 35 ఎంఎం కప్పు ఉంటే ఏ హింజైనా సరిపోతుంది

కప్పు గుంత చాలావాటికి 35 ఎంఎంనే. మిగతావి వేరు. ముఖ్యంగా క్రాంక్, అంటే హింజ్ చేయికి ఉండే వంపు. తలుపు మూసినప్పుడు అర పెట్టె పక్క చెక్కను పూర్తిగా కప్పితే జీరో క్రాంక్, మధ్య చెక్కను రెండు తలుపులు సగం సగం పంచుకుంటే 8 క్రాంక్, తలుపు పెట్టె లోపలికే కూర్చుంటే 16 క్రాంక్ కావాలి. షాపుకు వెళ్లే ముందు పాత హింజ్ చేయి చూడండి. నిటారుగా ఉంటే జీరో, కొంచెం వంగి ఉంటే 8, బాగా వంగి ఉంటే 16. దాన్నే ఊడదీసి వెంట తీసుకెళితే ఇంకా మంచిది. కప్పు స్క్రూల మధ్య దూరం కంపెనీని బట్టి 45, 48, 52 ఎంఎం ఇలా మారుతుంది. ఒక కంపెనీ హింజ్ ఇంకో కంపెనీ ప్లేటు మీద కూర్చుంటుందని నమ్మకండి. మారిస్తే రెండూ కలిపి మార్చండి.

అపోహ: తలుపు వాలిందంటే హింజ్ పోయినట్టే

ముందు స్టార్ స్క్రూడ్రైవర్ తీయండి. మామూలుగా వచ్చే హింజ్‌లలో తలుపు వైపు ఉండే ముందు స్క్రూ తిప్పితే తలుపు కుడి ఎడమలకు జరుగుతుంది. వెనక స్క్రూతో లోపలికి, బయటికి. ప్లేటు స్క్రూలు కాస్త వదులు చేస్తే పైకి, కిందికి. ఒక్కోసారి అర చుట్టు మాత్రమే తిప్పి, మూసి, సందు చూసి, మళ్లీ తిప్పాలి. పై హింజ్ ఒక్కటి సరి చేస్తేనే వాలిన తలుపు నిలబడటం నేను వందసార్లు చూశాను.

స్క్రూ తిరుగుతూనే ఉండి బిగియకపోతే అది చెక్కలో పట్టు పోయిన లెక్క. దీనికి ఒక చెడ్డ అలవాటు కారణం. పని తొందరలో స్క్రూను సుత్తితో ముప్పాతిక దాకా కొట్టి, చివరి రెండు చుట్లు మాత్రం డ్రైవర్‌తో తిప్పుతారు. ప్లైవుడ్ కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. పార్టికల్ బోర్డు ఓర్చుకోదు. లోపల మర పడాల్సిన చోట పొడి అవుతుంది. ముందు సన్నటి రంధ్రం వేసి, చేత్తో మొదలుపెట్టి, డ్రైవర్‌తో బిగిస్తే ఒక్కో హింజ్‌కు నిమిషం ఎక్కువ పడుతుంది, అంతే. మీ ఇంట్లో పని జరుగుతుంటే దగ్గర నిలబడి ఈ ఒక్కటి గమనించండి. సుత్తి చప్పుడు వినిపిస్తే ఆపించండి. నల్ల జిప్సం స్క్రూలు కూడా వద్దనండి. అవి పెళుసు, తల తెగిపోతుంది.

పట్టు పోయిన చోట అగ్గిపుల్లలు కుక్కి బిగించడం నాలుగు రోజుల ముచ్చట. ఆ రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, గట్టి చెక్క బిరడా ఫెవికాల్‌తో దిగ్గొట్టి, ఒక రోజు ఆరనిచ్చి, అప్పుడు కొత్త రంధ్రం వేయాలి.

అపోహ: అయస్కాంతం అంటకపోతే అసలైన స్టీలు, ఇక తుప్పే పట్టదు

షాపులో అయస్కాంతం పెట్టి చూపిస్తే చాలామంది నమ్మేస్తారు. 304 రకం స్టీలుకు అయస్కాంతం పెద్దగా అంటదు, నిజమే. తక్కువ రకమైన 202కు కూడా అంటదు. కాబట్టి ఆ పరీక్ష రెండింటినీ విడదీయలేదు. లోపలి స్ప్రింగ్‌కైతే అంటుతుంది, దాన్ని చూసి మంచి హింజ్‌ను నకిలీ అనుకున్నవాళ్లూ ఉన్నారు. బిల్లు మీద గ్రేడ్ రాయించుకోవడం ఒక్కటే దారి.

విశాఖ, కాకినాడలో సముద్రం దగ్గరున్న ఇళ్లకు నేను 304 తప్ప వేయను. ఉప్పు గాలికి నికెల్ పూత హింజ్ ఎక్కువ కాలం ఆగదు. కానీ సముద్రం లేని ఊళ్లో కూడా ఒకచోట హింజెస్ ఎర్రగా తుప్పు పడుతుంటాయి: సింకు కింద. అక్కడ బాత్‌రూమ్ కడిగే యాసిడ్ సీసా, బ్లీచింగ్ పౌడర్ పెడతారు. మూత ఎంత బిగించినా ఆ ఆవిరి మెల్లగా వస్తూనే ఉంటుంది, మూసిన అరలో నిలిచిపోతుంది. దానికి స్టీలు కూడా తట్టుకోదు. సీసాను బయట బాల్కనీలోనో, పిల్లలకు అందని ఇంకోచోటో పెట్టండి. హింజ్‌కు ఇంతకంటే మంచి మందు లేదు.

అపోహ: శబ్దం వస్తే కొబ్బరి నూనె వేయాలి

వద్దు. డ్యాంపర్ సీలు వేసి ఉంటుంది, బయటి నూనె లోపలికి పోదు. బయట మిగిలిన జిడ్డుకు పసుపు, పిండి, పోపు పొగ పట్టుకుని నల్లటి ముద్ద అవుతుంది. పొడి గుడ్డతో తుడవండి చాలు. డ్యాంపర్ నుంచి ఆయిల్ కారుతుంటే అది బాగు కాదు, మార్చాల్సిందే. క్లిప్ రకం అయితే వెనక మీట నొక్కితే తలుపు ఊడి వస్తుంది, స్క్రూలు తీయక్కర్లేదు.

అపోహ: సాఫ్ట్ క్లోజ్ ఉంటే పిల్లల వేళ్లకు భయం లేదు

ఇది నిజమని దయచేసి నమ్మకండి. డ్యాంపర్ పట్టుకునేది చివరి కొద్ది కోణంలో మాత్రమే, అదీ పిడి వైపు దెబ్బను తగ్గిస్తుంది. హింజ్ వైపు సందులో వేలు పెడితే తలుపు ఎంత మెల్లగా వచ్చినా నలుగుతుంది.

అపోహ: పాత టేకు బీరువాకు ఇది కుదరదు

మడత బందులున్న పాత తలుపుకు పెట్టె మూలలో స్క్రూలతో బిగించే విడి డ్యాంపర్ దొరుకుతుంది. చప్పుడు పోతుంది. కానీ మడత బందులో స్ప్రింగ్ లేదు కాబట్టి తలుపు తనంతట తాను మూసుకోదు, చివరిదాకా మీరే నెట్టాలి. అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు. తాతల నాటి బీరువాకు 35 ఎంఎం గుంత తవ్వడం నాకైతే మనసొప్పదు.

అపోహ: పెడితే ఇల్లంతా పెట్టాలి

హింజ్ అమ్మే అట్టపెట్టె మీద 50 వేల సైకిల్స్, 80 వేల సైకిల్స్ అని రాసి ఉంటుంది. అన్నిసార్లు తెరిచి మూసి పరీక్షించారని అర్థం. పొయ్యి పక్కన పప్పులు, పోపు డబ్బాల అర రోజుకు ముప్పైసార్లు తెరుస్తాం అనుకుందాం. ఏడాదికి దాదాపు 11 వేలు. 50 వేల హింజ్ అయితే అయిదేళ్లలోపే ఆ అంకె దాటుతుంది, 80 వేలదైతే ఏడేళ్లు దాటి వస్తుంది. అటక తలుపు మాత్రం సంక్రాంతికి, దసరాకు, ఎవరైనా ఊరెళ్లేటప్పుడు పెట్టెల కోసం తెరుస్తాం. మహా అయితే ఏడాదికి ఇరవైసార్లు.

ఎస్టిమేట్ ఇచ్చేటప్పుడు నేను ఇంటివాళ్లతో వంటగదిలో నిలబడి ఒక్కో తలుపు రోజుకు ఎన్నిసార్లు తెరుస్తారో అడుగుతాను. వంట చేసేవాళ్లే సరైన జవాబు చెబుతారు. అటకకు స్ప్రింగ్ మాత్రమే ఉండి డ్యాంపర్ లేని మామూలు ఆటో హింజ్ వేసి, మిగిలిన డబ్బుతో ఆ పోపు డబ్బాల అరకు షాపులో ఉన్నవాటిలోకెల్లా గట్టిది వేస్తాను.