బాకీకి టీసీ తాకట్టా?

చదువు మధ్యలో ప్రైవేటు బడి మాన్పించిన పిల్లల టీసీల గొడవ విజయవాడలో మళ్లీ రాజుకుంది. ఆటోనగర్‌లో లారీ బాడీలకు వెల్డింగ్ చేసే ఒకాయన తన కొడుకు అడ్మిషన్ ఫారం జిరాక్సు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ముందువైపు పిల్లాడి ఫొటో, వెనకవైపు చీమతలకాయంత అక్షరాల్లో షరతులు, అట్టడుగున ఆయన సంతకం. అందులో ఒకటి: మధ్యలో మానేసినా ఏడాది ఫీజు మొత్తం కట్టాలి. పిల్లాడు ఎనిమిదో తరగతి. ఆగస్టులో తండ్రి కాలు విరిగి పని ఆగిపోయింది. దసరా దాకా చదివిన రోజులకు ఫీజు కట్టేసి, సెలవులు కాగానే మున్సిపల్ హైస్కూల్లో చేర్చారు. వాడు అడుగుపెట్టని మూడో టర్మ్ ఫీజు కూడా కడితేనే టీసీ ఇస్తామని పాత బడి పట్టుబట్టింది.

ఈ ఊళ్లో ప్రైవేటు చదువు ఎలా పెరిగిందో అందరికీ తెలుసు, దాన్ని మళ్లీ తవ్వను. నా దృష్టిలో ఈ గొడవకంతటికీ మూలం 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 5వ సెక్షన్. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఈ చట్టం ప్రకారం, పిల్లలు ఏ కారణంతో బడి మారాల్సి వచ్చినా ప్రధానోపాధ్యాయుడు వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడి అడ్మిషన్ ఆపకూడదు. ఇక్కడిదాకా స్పష్టంగానే ఉంది. మరి టీసీ ఇవ్వకుండా తిప్పుకుంటే? ఆ ప్రధానోపాధ్యాయుడిపై 'ఆయనకు వర్తించే సర్వీసు నిబంధనల ప్రకారం' క్రమశిక్షణ చర్య తీసుకోవాలట. సర్కారు బడి ప్రధానోపాధ్యాయుడికైతే పైన డీఈవో, అంటే జిల్లా విద్యాధికారి ఉంటాడు. ప్రైవేటు బడి ప్రిన్సిపాల్‌కు ఉద్యోగం ఇచ్చిందీ జీతం ఇచ్చేదీ యాజమాన్యమే. టీసీ ఆపమన్నదీ యాజమాన్యమే. ఆపినందుకు ఆయన్ని శిక్షించాల్సిందీ ఆ యాజమాన్యమే! చట్టం రాసినవాళ్ల కళ్లముందు ఉన్నది ప్రభుత్వ బడి ఒక్కటే అనిపిస్తుంది. ఈ బదిలీ హక్కు కూడా ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు వెళ్లేవాళ్లకే. ఒక ప్రైవేటు బడి నుంచి ఇంకో ప్రైవేటు బడికి మారేవాళ్లకు లేదు. పైగా ఎనిమిదో తరగతితో చట్టం చెయ్యి వదిలేస్తుంది.

బాకీ కోసం ఒకరి కాగితం దగ్గర పెట్టుకునే హక్కు ఎవరికుంటుందో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ చెబుతుంది. బ్యాంకర్ల వంటి కొద్దిమందికే ఆ వీలుంది, బడులు ఆ జాబితాలో లేవు. ఫీజు ఇవ్వలేదని క్లయింటు కేసు ఫైళ్లు ఆపుకునే హక్కు లాయర్లకే లేదని సుప్రీంకోర్టు 2000లో తేల్చింది. టీసీ ఫీజు వసూలుకు పనిముట్టు కాదని, బాకీ ఉన్న సంగతి దానిమీద రాయకూడదని 2024 జులైలో మద్రాసు హైకోర్టు చెప్పింది.

యాజమాన్యాల వాదనా ఉంది. అక్టోబరులో ఖాళీ అయిన సీటు ఆ ఏడాదికి నిండదు, టీచర్ల జీతాలు మాత్రం ఆగవు అంటారు. నిజమే. అలాంటప్పుడు సివిల్ కోర్టులో దావా వేసుకోవచ్చు. అక్కడైతే నిజంగా ఎంత నష్టపోయారో లెక్క చూపాలి, అందుకే ఆ దారి తొక్కరు.

'బాకీ' అంటే ఎంత అన్నది ఇంకో చిక్కు. 2021 ఆగస్టు 24న రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 53వ నంబరు జీవో కార్పొరేషన్ల పరిధిలోని హైస్కూలుకు ఏడాదికి 18,000 రూపాయలని గరిష్ఠ ఫీజు ఖరారు చేసింది. యాజమాన్యాలు హైకోర్టుకు వెళ్లాయి, డిసెంబరు 27న ఆ జీవో రద్దయింది. అప్పటికి ముక్కుతూ మూలుగుతూ ఉన్న లెక్క ఒకటి పోయింది, ఇక ఫారం వెనక ఏం రాసుకుంటే అదే బాకీ అన్నట్టయింది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామంటే, విద్యాసంస్థలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 జనవరిలో తీర్పిచ్చింది. కోచింగ్ సెంటర్లకు మాత్రం ఆ మినహాయింపు ఇవ్వలేదు. మన దగ్గర ఆరో తరగతి నుంచే 'ఐఐటీ ఫౌండేషన్' పేరిట కోచింగ్‌ను కూడా కలిపి ఒకే రసీదు రాస్తున్నారు. అందులో చదువు ఎంత, కోచింగ్ ఎంత అని తల్లిదండ్రులు విడగొట్టి అడిగితే ఆ తలుపు కొంతైనా తెరుచుకోవచ్చని నా నమ్మకం.

మున్సిపల్ బడి పిల్లాణ్ని టీసీ లేకుండానే చేర్చుకుంది, చట్టం అడిగిన పని చేసింది. అయినా ముడి విడలేదు. ఈ రోజుల్లో అసలు టీసీ కాగితం మీద లేదు, కంప్యూటర్లో ఉంది. పాత బడి యూడైస్ ప్లస్‌లో, అంటే బడుల, విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైటులో, పేరు విడుదల చేసి బడి మారే పిల్లల పేర్లుండే డ్రాప్‌బాక్సులో పెడితేనే కొత్త బడి దాన్ని తన జాబితాలోకి లాక్కోగలదు. ప్రభుత్వం ఇచ్చే కిట్టు, తల్లికి వందనం పథకం డబ్బు, అన్నీ ఆన్‌లైన్లో పేరు ఎక్కడుందో దాన్ని బట్టే. 2009లో చట్టం రాసినప్పుడు ఈ మీట లేదు. ఇప్పుడది పాత బడి ఆఫీసు గుమాస్తా చేతిలో ఉంది.

మున్సిపల్ బడి క్లాస్ టీచరు హాజరు పట్టీలో చివరి గీత కింద పిల్లాడి పేరు పెన్సిల్‌తో రాసుకుంది. పేరు విడుదలయ్యాక పెన్నుతో దిద్దుతానని వాళ్లమ్మకు చెప్పింది. వచ్చే జూన్‌లో వాడు తొమ్మిదికి వస్తాడు. 5వ సెక్షన్ అక్కడిదాకా రాదు.